వా ఇమా చూపించిన ఊరు

బందా నీరా కోట తాళంచెవి
వా ఇమా వక్కల డబ్బాలో ఉంటుంది.
వెతికి తీసేలోపు
సగంమంది ఎండకు జారుకుంటారు.

అయిదు మూలల బురుజెక్కి
నీళ్ళకవతల అగ్నికొండను చూపిస్తుంది,
కునుకు తీస్తున్న మొగుణ్ణి చూపించినట్టు,
గొంతు తగ్గించి.

డచ్చివాళ్ళు, జాజికాయలు, తూకంరాళ్ళు, మునిగిన ఓడలు
అన్నీ ఒక్క ఊపిరిలో అప్పజెప్పేస్తుంది.
వీధిలో బోర్లాపడ్డ ఫిరంగి దగ్గర మాత్రం
ఆగుతుంది.
తుప్పు మీద గోనెపట్టా పరిచి
పొద్దున తనే ఆరబోసిన జాపత్రిని
రేకు రేకూ తిరగేస్తుంది.

పాతబావి ఎటని అడిగాను.
తలలు తెగినవాళ్ళ పేర్లు
అక్కడ చెక్కారట.

"సందు చివర. మీరే వెళ్ళండి,
దానికి టికెట్టు లేదు.
వాన పడేలోగా
నేనిది ఎత్తాలి."