రెండు చెక్కల వాలు

షూటింగులు బందైన ఇరవై మూడో రోజు
యూసుఫ్‌గూడ గల్లీల, మా కారవాను నెత్తిమీద
ఒక చెరువు బయటపడ్డది.

నేను చూడలే. దోమల మందు కొట్టే పిల్లగాడు
నిచ్చెనెక్కి చెప్పిండు:
"అన్నా, పైన పురుగులు ఈత గొడుతున్నయి."

ఎక్కిన.
ఏసీ డబ్బా బరువుకు రేకు లోపలికి వంగి
పళ్లెం లెక్క గుంట వడ్డది.
అండ్ల నాలుగు బకెట్ల వాన,
వేపాకులు, పావురం ఈక,
ఎవరిదో తెగిన పతంగి,
కరెంటు తీగల నడుమ ఇరుక్కున్న
ఇంత ఆకాశం.

కింద, బండి లోపల, అద్దం చుట్టూ పద్దెనిమిది బల్బులు.
ఆ అద్దం ముందర కూసున్న మొఖాలు
ఊరంత గోడల మీద ఉంటయి.
ఇప్పుడు అండ్ల నా మొఖమొక్కటే,
అది గూడ గడ్డం గీసుకునే పొద్దు.
సీలింగు మూలకు చాయ్ రంగు మరక.
మొదలు రూపాయి బిళ్లంత,
తెల్లారి జొన్నరొట్టెంత.

చీపురుతోని ఊడ్చిన.
రాత్రికి మళ్ల వచ్చినయి.
పట్టా కప్పిన.
పట్టా నడుమ కడుపు దిగి
సూడి బర్రె లెక్క ఊగింది.
పట్టా కింద లారీ ట్యూబుకు గాలి కొట్టి పెట్టిన.
ట్యూబు జారి, ఏసీ పక్కకు పోయి
నాకంటె మంచిగ పండుకున్నది.

బోరబండ నుంచి ముస్తఖీమ్ చాచా వచ్చిండు, డెంటరు.
రేకు చప్పుడు తప్ప ఎడమ చెవుకు ఏం వినవడదు.
సాసరుల చాయ్ పోసి పైన పెట్టి
ఏ అంచుకు ఎక్కువ తాకుతదో వంగి చూసిండు.
చూసి, తాగిండు.
"నీళ్లతోని కొట్లాడకు బేటా.
నిలవడాలని దానికి గూడ లేదు.
తొవ్వ లేక నిలవడ్డది."

కుడి చక్రాల కింద రెండు టేకు చెక్కలు.
మొదటి గేరు ఏసి మెల్లగ ఎక్కించిన.
చెవి ఒగ్గి వినే ముసలవ్వ లెక్క
బండి ఎడమకు ఒరిగింది.
ఆ రాత్రి వాన దంచింది.
పైన ఒక్క చుక్క ఆగలే.
ఆ చప్పుడు వినుకుంట పండుకున్న, సంబురంగ.

పొద్దుగాల తలుపు బాదింది బాలమణి.
ఎడమ దిక్కు ఆమెది ఇస్త్రీ బండి.
బొగ్గుల బస్తా ముద్దముద్ద.
ఎవరిదో పెండ్లి అంగి మీద తుప్పు చార.
"నీ నెత్తి మీదిది నా నెత్తిన దించినవా అంజిలప్పా?"
అంతే అన్నది.
తిట్టినా బాగుండు.

వాలు ఏసినోడికి ఒక దిక్కే కనవడతది.
దిగి బండి చుట్టు తిరిగిన, మొదటిసారి.
కుడి దిక్కు బడి పిల్లలు ఆటో ఎక్కే జాగ.
ముందర ట్రాన్స్‌ఫార్మరు.
మిగిలింది ఎనుక. అటు మోరి.

చెక్కలు ముందటి చక్రాల కిందికి మార్చిన.
ఎనుక చక్రాలకు రాళ్లు అడ్డం.
ప్లాస్టిక్ పైపు నిలువున కోసి, ఎనుక అంచుకు తీగతోని కట్టి
ఒక కొన బాలమణి నీలం డ్రమ్ముల ఏలాడదీసిన.
అంగి పైసలు నాలుగు వారాలు కట్టిన.
నల్ల నీళ్ల కంటె వాన నీళ్లు చల్లితే
మడత మంచిగ కూసుంటదని చెప్పింది ఒకనాడు.
చెప్పేటప్పుడు నా దిక్కు చూడలే.

బండిల ఇప్పుడేదీ పెట్టిన జాగల ఉండదు.
దువ్వెన, పౌడరు డబ్బా, నా చెప్పులు
రాత్రంత ఎనుకకు నడుస్తయి.
తల ముందరికి పెట్టి పంటున్న,
తెల్లారేసరికి కాళ్లు ఎనుక తలుపు తంతున్నయి.

నిన్న మేనేజరు ఫోను:
"సోమవారం శంకర్‌పల్లిల షూటింగు. బండి కడిగి తీస్కరా."
రాళ్లు తీసిన. చెక్కలు దిగిన.
నేల సమానమైతె తల తిరిగింది కొంచెంసేపు.
చెక్కలు తుడిచి సీటు కింద పెట్టుకున్న.
అక్కడ మనకు పక్కన ఎవరుంటరో.

బాలమణి ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టింది.
మబ్బు దిక్కు చూసింది.
"పోతె పో.
పైపు మాత్రం ఇడ్సిపో,
నా పట్టాకు కట్టుకుంట."