కంచం కనబడే లోతు

జేర్ద్ అంటే మా భాషలో ఎర్ర గుర్రం రంగు.
తప్పిపోయిన గుర్రమొకటి ఈదుకొచ్చి బతికిందని
ముత్తాతలు ఈ ఏటికి ఆ పేరు పెట్టారు.
నీళ్ళు మాత్రం గాజు.
ఎగువన బంగారం కడిగే మరలు దిగాక
ఏరు తన పేరు రంగుకు తిరిగింది.

నా పేరు గొంబోసురేన్.
వెనక సమష్టి మందల కాలంలో ఉన్ని తూచేవాణ్ణి.
కాటా ముల్లును తప్ప దేన్నీ నమ్మనని
లెక్కల పుస్తకం నా చేతికిచ్చారు.

కొలిచేది యంజ్మా కంచంతో.
తెల్ల ఎనామిల్ కంచం, పెళ్ళినాటిది,
అంచున ఒకచోట పెచ్చు ఊడింది.
మూడు చిల్లులు పొడిచి, గుర్రపు జూలు తాడు కట్టి,
మూరకో ముడి వేశాం.
పున్నమి మర్నాడు పొద్దున
మడుగు మీదికి వంగిన బండ నుంచి దింపుతాం.
కంచం ఎక్కడ మాయమైతే అక్కడికి లెక్క.
అప్పట్నుంచి యంజ్మా గిన్నెలో తింటోంది.

మరలు రాకముందు ఎవరూ కొలవలేదు.
ఎందుకు కొలుస్తాం?
చిన్నప్పుడు ఆ మడుగులో తన దువ్వెన పడిపోతే
పైనుంచే దాని పళ్ళు లెక్కపెట్టానంటుంది యంజ్మా.
రాసుకున్నాను:
దువ్వెన. ఏడు ముళ్ళ లోతు. సాక్షి ఒకరు.

మొదటి నెల, రెండు వేళ్ళు.
రెండో నెల, రెండు వేళ్ళు.
మూడో నెల ఒంటెపిల్ల చచ్చింది, కొలవలేదు.
నాలుగో నెల నీళ్ళు తాకీ తాకకముందే
కంచం పోయింది.

ఆ వసంతం తూల్ చేప వచ్చింది.
మనిషంత పొడుగు, ఏటికి ఎదురీదడమే దాని బతుకు.
గుడ్లు పెట్టడానికి గులకరాళ్ళ సందులు కావాలి దానికి.
సందుల నిండా బురద.
మూడు రోజులు మడుగులో తిరిగింది,
ఇల్లు మర్చిపోయిన ముసలిదానిలా.
నాలుగోనాడు లేదు.

జిల్లా కార్యాలయానికి కంచం పట్టుకెళ్ళాం.
ఇది కంచం, పరికరం కాదు అన్నాడు అధికారి.
సరే, మరి అనుమతి ఎవరిచ్చారు అంటే
నీళ్ళు నమిలాడు.
యంజ్మా సీసా మూత తీసి కప్పులో పోసింది.
"నమిలితే ఇవి నమలండి బాబూ,
పళ్ళకింద తగులుతాయి."

తిరిగొచ్చేసరికి కబురు మాకంటే ముందు ఏటివెంట పారింది.
మరుసటి పున్నమికి నలభైయొక్క కంచాలు.
ఒకటి సత్తుది, ఒకటి పాలబిందె మూత,
ఒకటి బడిపిల్లలు సున్నం పూసిన చెక్క.
ఒకే పొద్దున అందరూ దింపారు.
చులూన్‌హూ కొడుకు మోటారుసైకిల్ మీద
గుడారం గుడారం తిరిగి అంకెలు తెచ్చాడు.
నలభైయొక్క అంకెలు, ఒక్క పూటలో!
ఉన్ని తూచిన రోజుల్లో కూడా
నా పుస్తకం అంత బరువు లేదు.

చలికాలంలో లారీల దారికి అడ్డంగా గుడారం వేశాం.
పంతొమ్మిది రోజులు.
పిడకల పొగకు కళ్ళు మండి
ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు, అదీ మేలే.
రెండు మరలు వెళ్ళాయి. ఒకటి ఉంది.
వెళ్ళినవి వదిలిన గుంటలు పారలతో పూడుస్తున్నాం.
ఒక్క గుంటకు ఒక వేసవి.
ఇంకెన్ని ఉన్నాయని నన్నడక్కండి,
అది వేరే పుస్తకం.

శరత్తులో మంచుపెళ్ళ తగిలి తాడు తెగింది.
కంచం అడుగుకు పోయింది.
యంజ్మా బండమీద బోర్లా పడుకుని చూసింది,
ఏమీ కనబడని నీళ్ళలోకి.
"ఎక్కడుందో నాకు తెలుసు," అంది.
"కనబడిన రోజు రాద్దువుగాని."

ఇప్పుడు వాడేది కొత్తది, నీలం అంచు,
అంగట్లో కొన్నాం. అది ఆమెకు నచ్చలేదు.
రోజూ పొద్దున్నే ఏటికి పాలు చిలకరించి
కాస్త ఆగుతుంది.
పోయిన పున్నమి లెక్క ఒకటిన్నర ముడి.
రాసి, కింద గీత గీశాను.
తాడు పైకి లాగేశాక కూడా
ఆమె బండ దిగలేదు.