పదిహేడు గోళ్లు

ప్వెర్తో నతాలెస్‌లో మా ఇళ్లకు గోడలు ఉన్నాయంటే ఉన్నాయి.
రేకు, రేకుకి ఇవతల చెక్క, చెక్కకి ఇవతల నేను.
పక్కింట్లో నీళ్లు మరిగితే
లేచి నా కప్పు కడుక్కుంటాను.

చలి మొదలైనప్పటి నుంచీ ఒకటే చప్పుడు.
టక్. టక్ టక్. టక్.
పొయ్యి నుంచి తలుపుకి, తలుపు నుంచి పొయ్యికి.
ముసలాయన ఏమీ తోచక బల్ల మీద వేళ్లు ఆడిస్తున్నాడనుకున్నాను.
కాదు, కుక్క గోళ్లు.

గొర్రెల మేత భూముల్లో ఉన్నన్నాళ్లూ
తిసోన్‌కి గోళ్లు తీయాల్సిన పనే పడలేదు.
రాళ్లే తీసేవి. గడ్డకట్టిన బాట తీసేది.
రెండువేల గొర్రెల వెనకా ముందూ ఉరికిన ఉరుకే
దానికి ఆకురాయి.
ఇప్పుడు కాళ్ల కింద లినోలియం.
ఇప్పుడు కిటికీలోంచి గాలిని కాపలా కాయడం ఉద్యోగం.
గోళ్లు వంకర తిరిగాయి,
కోసేవాళ్లు లేక ముదిరిన చిక్కుడుకాయల్లా.

ఆదివారం ఎలెవుతేరియో బర్రీయా తలుపు తట్టాడు.
టోపీ చేతిలో ఉంది, అప్పుకొచ్చాడనుకున్నాను.
"నోల్ఫా గారూ, కాస్త పట్టుకుంటారా?"

ముప్పై ఏళ్లు ఉన్ని కత్తిరించిన చేతులవి.
రోజుకి నూట నలభై గొర్రెలట,
ఒక్కదానికీ రక్తం చుక్క కనపడనివ్వలేదట.
(సగం నమ్మాను.)
డెక్కలు చెక్కాడు, గుర్రాలకు నాడాలు కొట్టాడు.
ఎర్ర పిడి ఉన్న ఈ చిన్న కత్తెర
ఆ అరచేతిలో పిల్లల బొమ్మలా ఉంది.
గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు గానీ
గొడ్డలి పట్టిన చేతికి గోరే కష్టం.

తెల్లగోళ్లయితే లోపల ప్రాణం ఎక్కడిదాకా ఉందో
గులాబి రంగులో కనిపిస్తుంది.
ఇవి బొగ్గు.
తిసోన్ అంటేనే కొరకంచు.
బియ్యపుగింజంత, మళ్లీ బియ్యపుగింజంత తీస్తూ పోవాలి.
కోసిన చోట నడుమ ఒక నల్లచుక్క తేలుతుంది.
అక్కడ ఆగాలి.
"నలుపులో నలుపు, నా కంటికి ఆనదు.
చుక్క కనపడగానే చెప్పండి" అన్నాడు.
అప్పుడు చూశాను,
ఆయన ఎడమకంట్లో పాలమీగడలాంటి పొర.

ఒక చేత్తో కుక్క మెడ, ఒక చేత్తో చెంచాడు మంజార్.
అది నాకుతున్నంతసేపూ లోకంలో గోళ్లే లేవు.
ఒకటి. రెండు.
గొర్రెల్ని లెక్కపెట్టినట్టే పైకి లెక్కపెడుతున్నాడు.
ఏడో గోరు దగ్గర నేను చెంచా వైపు చూశాను.
అంతే.

తిసోన్ అరవలేదు.
కాలు వెనక్కి లాక్కుని ఆయన ముఖంలోకి చూసింది.
నేల మీద ఎర్రగా ఒక చుక్క, పక్కన ఇంకొకటి.
మా ఇంట్లోంచి మొక్కజొన్న పిండి తెచ్చి అద్దాను.
తప్పు నాది. నేను నోరు తెరిచేలోపే
"క్షమించండి" అన్నాడాయన.
నాతో కాదు. కుక్కతో.
మీరు అని మన్నించి మాట్లాడాడు,
పెద్దింటి మనిషి కాలు తొక్కినట్టు.

చాలాసేపు పొయ్యి ఒక్కటే మాట్లాడింది.
తర్వాత ఆ కాలే తెచ్చి ఆయన మోకాలి మీద పెట్టింది.
మంజార్ కోసమో, మరెందుకో
నేను చెప్పలేను.

"పద్దెనిమిది" అని కత్తెర మూశాడు.
నా లెక్కకి పదిహేడే వచ్చాయి.
వెనక కుడికాలు, చివరి వేలు.
మరిచాడేమో, అడుగుదామనుకున్నాను.
అప్పటికే నేల తుడుస్తున్నాడు.

ఆ రాత్రి గోడకి అవతల ఏమీ లేదు.
ఇన్ని నెలలు విసుక్కున్న చప్పుడు లేక
నాకు నిద్ర పట్టలేదు.
రెండు దాటాక మంచం కిర్రుమంది.
రెండడుగులు. ఆగాడు.
చీకట్లో ఎటు అడుగు వేయాలో తెలియనివాడి ఆగడం అది.

టక్.

కాస్త ఆగి, ఇంకా దగ్గరగా,
టక్.

అప్పుడు చెప్పులు కదిలాయి.

పొద్దున్నే పిండి డబ్బా తిరిగివ్వడానికి వచ్చాడు.
"పద్దెనిమిదీ అయ్యాయి కదా?" అన్నాడు
టోపీ అంచు సవరించుకుంటూ.
"అయ్యాయి" అన్నాను.