రెండువందల పన్నెండో పేజీ

కొత్తవాడ లైబ్రరీల ఆ నవల
అట్ట ఊడి మూడోసారి నా చేతికొచ్చింది.
మైదా ఉడకబెట్టి, దబ్బనానికి దారం ఎక్కించి కూచున్న.

మార్జిన్లల్ల మనుషులున్నరు.
చేతిరాతను బట్టి పోలుస్త.

"కాకతీయుల కాలంల మిరపకాయ యాడిది?"
ఎర్రసిరాతో ముంతాజ్ టీచర్.
దాని కిందనే, ఎనుమాముల మార్కెట్ల కాంటా పెట్టే ఐలోని:
"లేకుంటే లేకపాయె.
ఆ బువ్వ నాకు కారంగనే తగిలింది."

జంపఖానాలు నేసే సదానందం
గుర్తుకు ఒక నూలుపోగు వదిలిండు.
అంతఃపురానికి ఆరు పేజీలంట,
కింద పరిచిన రత్నకంబళికి ఒక్క ముక్క లేదంట,
నేనే రాసినట్టు నాతోని కొట్లాడిండు.

ఎంజీఎం నర్సు స్వరూపరాణి ఏం రాయలే.
నైట్ డ్యూటీల చదివింది.
దెబ్బతిన్న దళపతికి పసరు పూసిన కాడ
పేజీ అంచు సన్నగ మడిచి ఉంది.

రెండువందల పన్నెండు
ఎవరో చింపుకపోయిండ్రు.
ఆమె కోటగోడ మీద, ఆయన అగడ్త అవతల.
పదమూడుకొచ్చేసరికి తెల్లారి ఉంటది.

ముద్దుంటదని ఒకరు.
ఒట్టి మాటలేనని ఇంకొకరు.
"పొద్దున యుద్ధం పెట్టుకొని
గంతసేపు ఏం మాట్లాడుతరు?" అని కొమురెల్లమ్మ,
ఊడుస్త ఊడుస్త చీపురాపి.
ఆమెకు చదువు రాదు. కథంతా నోటికొచ్చు.

పోయిన నెల కొత్త కాపీ దిగింది.
పేజీలన్నీ ఉన్నయి.
బీరువాల పడి ఉంది, అందరూ ఈ చినిగినదే అడుగుతరు.

నేనొక్కసారి తీసి చూసిన.
చెప్ప.
మైదా గడ్డకట్టక ముందే కుట్టాలె.