ఓడిపోయే ఉద్యోగం

ఎలహంక దాటాక నీలగిరి తోపు వెనక
ముళ్ళకంచె వేసిన మైదానం.
ఐదున్నరకి మంచు ఇంకా గడ్డి మీదే ఉంటుంది.
అక్కడ నేను దొంగని.
నెలకి పద్దెనిమిది వేలు, ఆదివారం సెలవు,
ఎడమచేతికి గోనెపట్టా కుట్టిన తొడుగు.

రాగి వచ్చినప్పుడు పదకొండు నెలలది.
చెవులు వెనక్కి, తోక పొట్ట కిందికి.
స్టీలు బకెట్టు నేలకి తగిలిన చప్పుడుకే
ఉచ్చ పోసుకునేది.
ఇన్‌స్పెక్టర్ కాగితం మీద ఏదో గీకి
"ఎవరింటికైనా ఇచ్చేయండి, పిల్లలు ఆడుకుంటారు" అన్నాడు.
హ్యాండ్లర్ చంద్రప్పది తుమకూరు.
పట్టీని చేతికి ఇంకో చుట్టు చుట్టుకుని
నావైపు చూశాడు,
కన్నడంలో కూడా ఏమీ అనలేదు.

మూడు నెలల గడువు.

పాత పద్ధతి నాకు తెలుసు.
మూలకి నెట్టిన కుక్క కరుస్తుంది, నిజమే.
కళ్ళు మూసుకుని కరుస్తుంది,
ఎవర్ని కరిచిందో దానికే తెలీదు.
హిందూపురంలో నేనూ అట్లాంటి బడిలోనే
ఎక్కాలు నేర్చుకున్నా.
పదమూడో ఎక్కం ఇప్పటికీ
అరచేతుల్లోంచే వస్తుంది.

అందుకే మొదటివారం తొడుగు వేసుకోలేదు.
గుడ్డపేలిక తాడుకి కట్టి
గడ్డిలో ఈడ్చా,
ఎలక పారిపోతున్నట్టు, దానివైపు చూడకుండా.
చూడకపోవడం కష్టమైన పని.
మనిషి చూపు బరువు.
పక్కకి తిరిగి, భుజాలు దించి,
దానికంటే ముందు
నేను భయపడాలి.

ఆరోరోజు ఒక అడుగు.
తొమ్మిదోరోజు పేలిక అంచుని మునిపళ్ళతో
పెనం మీది దోసెని పట్టుకున్నట్టు పట్టుకుంది.
వెంటనే వదిలేశా.
కెవ్వుమని అరిచి వెల్లకిలా పడ్డా.
రాగి పేలిక నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయింది,
తనవల్ల ఒక మనిషి కిందపడ్డాడన్న సంగతి
ఇంకా నమ్మకం కుదరక.
"భేష్ కణే" అంటూ చంద్రప్ప
మైదానమంతా తిప్పాడు దాన్ని,
పెళ్ళికూతుర్ని ఊరేగించినట్టు.

అన్నం బకెట్టులోనే పెట్టాం.
మొదట బోర్లించిన బకెట్టు మీద, తర్వాత లోపల.
రెండు రోజులు పస్తుంది. మూడోరోజు
మెడ మాత్రం లోపల, కాళ్ళు బయట, పరుగుకి సిద్ధంగా.

"పొద్దస్తమానం కుక్కకి ఓడిపోయి వస్తావు"
అంటుంది యశోద, దబ్బనంలో పురికొస ఎక్కిస్తూ.
చిరిగిన తొడుగు కుట్టేది తనే.
ఒకరాత్రి బల్బు కింద తిప్పి తిప్పి చూసి
"ఇదివరకు చిల్లులన్నీ అంచులో ఉండేవి,
ఇప్పుడు నడిమధ్యకొచ్చాయి, లోతుగా కూడా" అంది.
మాలో ఎవ్వరం గమనించని మాట.
మర్నాడు చంద్రప్పకి చెబితే
టీ గ్లాసు పక్కన పెట్టి
తొడుగులో వేలు దూర్చి చూశాడు.

పరీక్షకి వేరే దొంగ వచ్చాడు.
పొడగరి, చేతిలో కర్ర,
గులకరాళ్ళు పోసిన ప్లాస్టిక్ సీసాలు.
సీసాలు మోగాయి. కర్ర గాల్లో లేచింది.
సగం దూరంలో రాగి ఆగింది.
అతను ఓడిపోయేవాడిలా లేడు.
వెనక్కి తిరిగి
షెడ్డు నీడలో నన్ను వెతుక్కుంది.
నేను కదలకూడదు, అది రూలు.
భుజాలు వాటంతటవే దిగాయి,
చూపు పక్కకి పోయింది.
తర్వాత ఏం జరిగిందో నేను చూళ్ళేదు.
చంద్రప్ప అరుపు విన్నా,
కెవ్వున ఇంకెవరో పడ్డం విన్నా.

రాగి ఇప్పుడు డ్యూటీలో ఉంది.
దీపావళికి మాత్రం చంద్రప్ప సెలవు పెట్టడు.
రేడియో గట్టిగా పెట్టి
కెన్నెల్‌లో దాని పక్కనే కూర్చుంటాడు.
ఆ సంగతి రాయడానికి రిజిస్టర్లో గడి లేదు.

నిన్న ఇంకోటి వచ్చింది, పేరు పెట్టలేదు.
దీనికి గొడుగంటే భయం.
గొడుగు తెరిచి గడ్డిలో పెట్టి,
వీపు దానివైపు తిప్పి
కూర్చున్నా.