పెంకుల మడి

గేటు తాళంచెవి జుల్మీరా దగ్గరుంటుంది.
శనివారం తొమ్మిదింటికి రావాలి, ఎప్పుడూ రాదు.
సన్నటి వానలో గోడవారగా నిలబడి
మేం ఆరుగురం ఆమెను తిట్టుకుంటాం.
వచ్చాక, సంచిలోంచి ఆమె తీసే
వేడి మొక్కజొన్న రొట్టెతో పాటు
తిట్లన్నీ మింగేస్తాం.

డౌరో నదికి ఈ ఒడ్డున, రైలు వంతెన కింద
ఇది ఒకప్పుడు పింగాణీ పలకల ఫ్యాక్టరీ.
ఇళ్ల గోడలకు తొడిగే నీలిబొమ్మల పలకలు.
కొలిమి చల్లారి ముప్పై ఏళ్లు.
ఇప్పటికీ పార దించితే ఖంగుమంటుంది.
ఒక పిట్టరెక్క. సగం ఓడ.
ఎవరో సాధువు చెయ్యి,
వేలెత్తి ఏదో చెప్పబోతూ విరిగిపోయింది.

మొదటి ఏడు మట్టిని పరీక్షకు పంపాం.
జవాబు వచ్చేలోపు ఆగలేక
ఇల్దా ముల్లంగి విత్తేసింది.
నెలకు కాగితం వచ్చింది: సీసం.
పలకల మెరుపు కోసం కలిపిన సీసం
కడుగునీళ్లతో ఇంకి ఇంకి
మోకాలి లోతు దాకా దిగిందట.
ఇందులో పండింది తినకూడదట.
ముల్లంగి అప్పటికే రెండేసి ఆకులేసి
నవనవలాడుతోంది,
విషం తాగిన మొహమేం కాదు.
పీకుతున్నంతసేపూ ఎవరం మాట్లాడలేదు.

బెల్మీరోకి అప్పుడు డెబ్బై ఎనిమిది.
పద్నాలుగో ఏట ఇక్కడే పనిలో చేరాడు,
పూత బకెట్లు కడిగే పని.
ఆ నీళ్లెక్కడ పోశావని
మేమెవరం అడగలేదు.
తనే లేచి చేతికర్రతో చూపించాడు.
"అదిగో, అక్కడ. ఆ మూల కూడా.
ఎక్కువగా ఇక్కడ."
మా ముల్లంగి మడి అది.

తర్వాతి వారం అతను రాడనుకున్నాం.
అందరికంటే ముందొచ్చి
గోడవారగా నిలబడి
జుల్మీరాను తిడుతున్నాడు.

పాత చెక్కలు కొట్టి పెట్టెలు కట్టాం.
ఇల్దా మేనమామ ఊరినుంచి మంచి మట్టి తెప్పించాం.
లారీ సందులోకి దూరలేదు,
పైనే ఆగింది.
మెట్లు నూట పన్నెండు.
మెట్టుకొకరం చాలక పది మెట్లకొకరం,
చేతినుంచి చేతికి బకెట్లు.
చిట్టచివర, స్టూలు మీద బెల్మీరో.
బరువు కదా, వద్దంటే వినడే.
"పారబోయడం నాకొచ్చిన పనే" అన్నాడు.
నవ్వాలో వద్దో తెలీక
బకెట్ అందించాం.

ఇప్పుడు పెట్టెల్లో
ఫావా చిక్కుడు, ఉల్లి, బంగాళాదుంప.
గలేగా క్యాబేజీ ఉండ కట్టదు,
కాండం సాగదీసుకుని
చిన్నపిల్లాడంత ఎత్తు నిలబడుతుంది.
రాత్రుళ్లు టార్చితో నత్తల్ని ఏరుతాం.
పుదీనా కోసం పోట్లాడుకుంటాం.
నీళ్ల బిల్లు ఎవరిదన్న గొడవ
రెండేళ్లుగా నడుస్తోంది, తెగేది కాదు.

పెట్టెల మధ్య అసలు నేల మీద మాత్రం
పొద్దుతిరుగుళ్లు వేస్తాం.
అవి సీసాన్ని కొంచెం కొంచెం పీల్చుకుంటాయట.
మా తోటలో తినకూడని పంట అదొక్కటే,
అన్నిటికంటే ఏపుగా పెరిగేదీ అదే.
శరత్కాలంలో వేళ్లతో సహా లాగి
గోనెల్లో కుక్కి మున్సిపాలిటీ బండెక్కిస్తాం.
గోనెల మూతులు బెల్మీరోయే కడతాడు,
ఇంకెవరు కట్టినా విప్పి మళ్లీ కడతాడు.

కేప్ వెర్దె వాళ్ల పిల్లాడు అడిల్సన్
పెంకులన్నీ ఏరి గట్టుమీద పేరుస్తుంటాడు,
ఓడకు రెక్క అతుకుతుందేమోనని.
నిన్న పరీక్ష కాగితం పక్కన పెట్టుకుని
వేళ్లమీద లెక్కేశాడు.
"తాతా, ఇలాగైతే మొత్తం పోవడానికి
నూట అరవై ఏళ్లు."

బెల్మీరో చాలాసేపు ఏమీ అనలేదు.
వంతెన మీద రైలు పోయింది.
"నేను పోసింది పదకొండేళ్లే" అన్నాడు.

పిల్లాడు ఓసారి అతన్ని చూసి,
ఓసారి కాగితాన్ని చూసి,
లెక్క తప్పేమో మళ్లీ చేస్తానన్నాడు.
జుల్మీరా గేటు దగ్గర అరుస్తోంది,
తాళం వేసేస్తున్నానని.
ఈ పనికి మాత్రం ఆమె ఎప్పుడూ తొందరే.