పలకల పైన

డిగ్బీలో పళ్ల డాక్టరు ఆఫీసు.
ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి పక్కకి జరిపి
లోపలికి తల పెట్టింది ఆడెట్ కోమో.

ఎవడో పాత పనివాడు
నీలం కేబుళ్లన్నీ పలకల మీదే పడేసి పోయాడు,
తడిబట్టలు మంచం మీద పారేసినట్టు.

"పలక తన బరువే మోస్తుంది,
ఇంకొకళ్లది కాదు,"
నిచ్చెన పట్టుకున్న నాతో అంది.

దూలానికి కొక్కెం. నాలుగడుగులకో కొక్కెం.
స్క్రూ దిగుతుంటే
తొంభై ఏళ్ల స్ప్రూస్ చెక్క
నిన్న కోసినట్టు వాసనేసింది.

ఎనిమిదో దూలం దగ్గర ఆగింది.
హెడ్‌లైటు వెలుగులో పెన్సిలు గీతలు,
ఏ వడ్రంగిదో కూడిక.
తప్పింది. కొట్టేసి మళ్లీ చేశాడు.

ఆ అంకెలు తప్పించి
జానెడు పక్కన బిగించింది కొక్కెం.
కేబుల్ని బిర్రుగా లాగలేదు,
కాస్త వేలాడనిచ్చింది.

మర్నాడు కుర్చీలో వెనక్కి వాలినవాళ్లు
నోరు తెరుచుకుని
చూసేది ఆ తెల్ల పలకనే.